ఏడు బిందెల ఆమ్ల వర్షం

1998 ఆగస్టులో గుంటూరు నీటి పరీక్షల ల్యాబులో నేను జూనియర్ అనలిస్టుని. నాకు పైన సీనియర్ అనలిస్టు, ఆయన పైన కురిసే స్లాబు. కిందంటూ ఎవరూ లేరు. అలాంటి నన్ను ప్రకాశం సరిహద్దులో, కొండ కింద ఉన్న ఒక మిరప ఊరికి పంపారు. కొండమీద దొన ఉంది, అంటే రాతిలో నీళ్ళు నిలిచే పెద్ద గుంట. అందులో చేపలు వెల్లకిలా తేలాయి. యాసిడ్ వాన కురిసిందని ఊరంతా తీర్మానించేసింది.

అదేమీ తెలివితక్కువ అనుమానం కాదు. మన నల్లరేగడిలో సున్నం ఉంటుంది, ఎంత పులుపు పడినా మింగేస్తుంది. ఉత్త రాతి దొనకి ఆ సదుపాయం లేదు. ఆమ్ల వర్షమంటూ పడితే ముందు పోయేవి కొండమీది చేపలే.

మధ్యలో ఇరుక్కున్నది మస్తాన్ గారు. దొన నుంచి దిగే వాగు నీళ్ళతోనే ఆయన మిరప నారు పెంచాడు. జానెడు ఎదిగి నాటుకి సిద్ధంగా ఉంది, అడిగేవాడు లేడు. యాసిడ్ నారని పేరు పడిపోయింది. నీళ్ళు చెడ్డవని నేనంటే మడి తిరగేసి పత్తి పెట్టుకుంటానని ముందే చెప్పేశాడు.

నేను బస్సు దిగేసరికి సర్పంచి గారి అరుగు మీద ఏడు ఇత్తడి బిందెలు. ఆఫీసరు వాన నీళ్ళు చూస్తాడని తెలిసి, ముందురోజు సాయంత్రం వాన పడుతుంటే ఆరుబయట పెట్టి పట్టారు. ఆ మెరుపుకి నా కళ్ళజోడు వేడెక్కింది. వాటిలో తన మొహం చూసుకుని ఒంగోలు గిత్త బెదిరిందన్నా నమ్ముతాను.

రూలు ప్రకారం నమూనా నేనే, నా సీసాలోనే పట్టాలి. కానీ నాకోసం వాన మళ్ళీ కురుస్తుందా? మీటరుని రెండు ప్రామాణిక ద్రావణాలతో సరిచూసుకుని ముంచాను. అది చూపేది పీహెచ్ అంకె: మంచినీళ్ళకి ఏడు అటూఇటూ, దిగేకొద్దీ పులుపు.

మొదటిది, సుబ్బులు గారి బిందె: నాలుగున్నర. రెండోది: నాలుగు. నా ఊహలో అప్పుడే ఢిల్లీలో శాలువా కప్పేశారు, ల్యాబులో కురిసే స్లాబు కిందే నా ఫోటో వేలాడదీశారు. ఏడోది, సర్పంచి గారింటిది: మూడున్నర! గొంతెత్తి చదివాను. మస్తాన్ గారు లేచి, పార భుజాన వేసుకుని మడివైపు నడిచాడు.

అప్పుడు సర్పంచి గారి భార్య వెంకాయమ్మ గారు లేచారు.

"ఏవండీ, సుబ్బులుకి నాలుగున్నర, నాకు మూడున్నరా? దాని బిందె అడుగున మసి చూశారా? మీరొస్తున్నారని రెండు గుప్పిళ్ళ చింతపండు పెట్టి లోపలా బయటా తోమానండీ! వాన మొదలైపోతే ఒక్క తొలుపు తొలిపి పరిగెత్తుకెళ్ళి పెట్టాను!"

"తోముడు నీదైతేనేం వదినా, మార్కులు నావి!" అంది సుబ్బులు.

శాలువా జారిపోయింది. మెరుపు వరసా పులుపు వరసా ఒకటే. వాన నీటికి పులుపుని తట్టుకునే సొంత సత్తువ ఉండదు. బిందె మెడకి అంటుకున్న చింతపండు చాలు, అంకె కూలిపోవడానికి.

ప్యాంటు మోకాళ్ళకి మడిచి, మీటరు చంకన పెట్టుకుని పరిగెత్తాను. "మస్తాన్ గారూ, ఆగండి! అది వాన కాదు, చారు!"

అప్పటికే మడిలో ఒక మూల తిరగబడింది. ఆయన పార ఆపి, గట్టు మీది ప్లాస్టిక్ బకెట్ చూపించాడు. "నిన్నటి వాన ఇందులోనూ పడిందండీ. దీన్ని కొన్ననాటి నుంచీ ఎవరూ తోమలేదు."

ఆరుంబావు. నికార్సయిన వాన నీళ్ళు.

ఆ మధ్యాహ్నం నా సీసాలతో, నా కాళ్ళతోనే కొండెక్కాను. దొనలో పులుపు లేదు, చేపలకి ఊపిరే లేదు. మేకల పెంటా కుళ్ళిన ఆకూ వానకి కొట్టుకొచ్చి నీటిలోని ఆక్సిజన్ తినేశాయి. వాగు రాళ్ళమీద దూకుతూ దిగేటప్పటికి గాలి కలుపుకుంటోంది. మడి దగ్గర నీళ్ళు శుభ్రం. రిపోర్టు అలాగే రాశాను. మిగిలిన నారు వారంలో చేలకెక్కింది. మొదటి కట్ట పట్టుకెళ్ళింది వెంకాయమ్మ గారే. మూడున్నర సంగతి మాత్రం ఆవిడ నన్ను క్షమించలేదు.

వీఆర్ఎస్ తీసుకునేదాకా నేను తప్పని నియమం ఇది: నమూనా మనమే పట్టాలి, పట్టేముందు అదే నీటితో సీసాని మూడుసార్లు తొలపాలి. ఊరివాళ్ళు మన మీద చూపించిన గౌరవం అందులో చుక్క కూడా మిగలకూడదు.