అటు తిరిగి కూర్చున్న పెద్దబాపు

సిరిసిల్ల నుంచి మా పెద్దబాపు కొడుకు, నాకు తమ్ముడు, ఫోన్ చేసినప్పుడు నేను కోరుట్లలో కాలేజీకి బయలుదేరుతున్నాను. "అక్కా, బాపు పోయిండు. పొద్దుగాల చాయ్ తాగి గోడకు ఒరిగిండు, మల్ల లేవలే" అన్నాడు. నేను చేరేసరికి వాకిలి నిండా జనం. ఎవరో అంటున్నారు: "పాపం, చెవిటి మనిషి. ఏం సుఖపడ్డడు?" చావింట్లో కోపం రావచ్చో లేదో నాకు తెలియదు గానీ, వచ్చింది. మా పెద్దబాపు చెవిటివాడుగా పుట్టలేదు. ఎవరి చేతా పాపం అనిపించుకోవడానికి ఒప్పుకున్న మనిషీ కాదు. అందుకే ఈ నాలుగు మాటలు.

ఆయన మా నాన్నకు అన్న. నలభై ఏళ్లు ఒకే ఆసామి కార్ఖానాలో సాంచాలు నడిపాడు. సిరిసిల్లలో మరమగ్గాలను సాంచాలంటారు, వాటి యజమానిని ఆసామి అంటారు. చిన్నప్పుడు సెలవులకు జగిత్యాల నుంచి వెళితే, పెద్దమ్మ నా చేతికి టిఫిన్ డబ్బా ఇచ్చి కార్ఖానాకు పంపేది. లోపల అడుగు పెడితే నా గొంతు నాకే వినిపించేది కాదు. అయినా అక్కడందరూ కబుర్లాడుకునేవారు. ఈ చివరి మనిషి పెదాలు కదిపితే ఆ చివరి మనిషి నవ్వేవాడు. మీసం దువ్వినట్టు చేస్తే ఆసామి వస్తున్నాడని. "గీడ మాట ఇనద్దు బిడ్డా, సూడాలె" అని బయటికొచ్చాక చెప్పేవాడు పెద్దబాపు. నాకది గారడీలా ఉండేది. ఆ గారడీకి ఆయన ఏమిచ్చుకుంటున్నాడో అప్పుడు తెలియదు.

పని మానేసే నాటికి రెండు చెవులూ దాదాపు పోయాయి. ఎదురుగా నిలబడితే ఏ ఇబ్బందీ లేదు. వెనక నుంచి బండి హారన్ కొట్టినా, మనవరాలు ఏడ్చినా తెలియదు. వినికిడి మిషన్ నేను కొనిస్తానన్నాను. ఊళ్లో ఉచిత శిబిరం పెడుతున్నారని కూడా చెప్పాను. తల అడ్డంగా ఊపాడు.

"నువ్వు కొనిస్తె నీ మంచితనమైతది బిడ్డా. నా చెవులు ముసలితనానికి పోలే, సాంచలకు వొయినయ్. ఎవని పనిల వొయినయో వాడే వెట్టియ్యాలె."

చప్పుడు వల్ల పోయే వినికిడి కూడా పని తెచ్చిపెట్టే జబ్బుల్లో ఒకటని, దానికి నష్టపరిహారం అడగవచ్చని చట్టంలో చూసి దరఖాస్తు రాసింది నేనే. రాసి, వారం రోజులు బ్యాగులోనే ఉంచుకున్నాను. ఆసామి కూడా మా కులపోడే, పెళ్లిళ్లకు పిలిచే మనిషి. ఆయన మాత్రం ఏం మిగుల్చుకున్నాడు? అదే పెద్దబాపుతో అన్నాను.

"మంచోడే. మంచోడైతే ఇయ్యద్దని యాడన్న రాసున్నదా?" అన్నాడు.

మొదటి వాయిదాకు కార్మిక శాఖ ఆఫీసుకు తోడు వెళ్లాను. అధికారి బల్లకు అవతల కూర్చుని పేరడిగాడు, ఊరడిగాడు, ఎన్ని సాంచాలు నడిపావని అడిగాడు. పెద్దబాపు ఆయన పెదాల మీంచి చూపు తిప్పకుండా, అడిగిందల్లా అడిగినట్టే టకటకా చెప్పేశాడు. పక్కన కూర్చున్న ఆసామి నవ్వాడు. "సార్, గింత మంచిగ ఇంటున్నడు గదా! ఇగ చెవుడెక్కడిది?" అధికారి కాగితం మీద ఏదో రాసుకున్నాడు.

బస్సులో ఆయన ముఖం నా వైపు తిప్పుకుని అన్నాను: "ఈసారి ఆయన నోరు సూడకు పెద్దబాపూ."

"కండ్లు మూసుకొని కూసుంటే గుడ్డోడన్కుంటడు" అన్నాడు. నవ్వలేకపోయాను. నలభై ఏళ్ల పనితనమే ఆయన మీద సాక్ష్యం చెప్పింది. దరఖాస్తు రాసి ముసలాయన్ని నలుగురిలో నవ్వులపాలు చేశానా అని ఆ నెలంతా కుమిలాను.

రెండో వాయిదాకు వెళ్లగానే పెద్దబాపు కుర్చీ ఎత్తి, అధికారికి వీపు వచ్చేలా గోడ వైపు వేసుకున్నాడు.

"బేఅదబీ అనుకోకుండ్రి సార్. ఇప్పుడడుగుండ్రి."

అటెండరు కేకేశాడు: "ఏయ్ పెద్దమనిషీ, సార్ దిక్కు తిరుగు!" ఆ కేక వెళ్లి గోడకు తగిలింది. ఆయన కదల్లేదు. అధికారి పేరు పిలిచాడు. ఇంకోసారి, గట్టిగా పిలిచాడు. బల్ల మీద చేత్తో చరిచాడు. పెద్దబాపు చేతులు ఒళ్లో పెట్టుకుని, క్యాలెండర్ వైపు చూస్తూ, తనను ఎప్పుడు అడుగుతారా అని ఎదురుచూస్తూనే ఉన్నాడు. ఆసామి తల దించుకున్నాడు. చివరికి అధికారి లేచి, బల్ల చుట్టి వచ్చి, ఆయన ముందు నిలబడ్డాడు.

"పెద్దాయనా, గిన్నేండ్లు ఎట్ల నెట్టుకొచ్చినవ్?"

"సూసుకుంట సార్."

పెద్దాసుపత్రిలో వినికిడి పరీక్షకు రాశారు. రిపోర్టు వచ్చాక కూడా చాలాసార్లు తిప్పించుకున్నారు. ఆసామి తరఫువాళ్లు ముసలితనమన్నారు, గజాల లెక్కన కూలి తీసుకున్నవాడు మా మనిషెట్లయితడన్నారు. ఒక్క వాయిదా తప్పలేదు పెద్దబాపు. పరిహారంతో పాటు రెండు చెవులకూ మిషన్లు ఆసామే పెట్టించాలని ఉత్తర్వు వచ్చింది.

అవి పెట్టుకున్న మొదటి రోజు పెద్దమ్మ అన్నానికి పిలిస్తే ఉలిక్కిపడ్డాడు. "ఏందే, గంత ఒర్రుతున్నవ్?"

"నలభై ఏండ్లు నీకు ఒర్రి ఒర్రి నా గొంతే గిట్లయింది. నాకెవరిస్తరు నష్టపరిహారం?"

"రాయి బిడ్డా, ఒక దరఖాస్తు" అన్నాడు నాతో. అది సరదాకే అన్నాడా అని నాకిప్పటికీ అనుమానమే. తర్వాత ఆయన కార్ఖానాల్లోంచి నలుగురిని తీసుకొచ్చి, నిజంగానే నాతో దరఖాస్తులు రాయించాడు.

మిషన్ల సుఖం ఆయనకు దక్కింది రెండేళ్లే. గింత దానికి అంత తిరుగుడెందుకని ఇప్పటికీ అడుగుతారు. ఆయన అడగకపోయి ఉంటే అది ముసలితనమనే అందరం నమ్మేవాళ్లం, నేనూ నమ్మేదాన్ని.

దహనం అయ్యాక, సాయంత్రం ఆడవాళ్లం గోడ వారగా కూర్చున్నాం. ఎక్కడి నుంచో సన్నగా ఈల మొదలైంది. ఫోనేమోనని అందరం వెతుక్కున్నాం. అది పెద్దమ్మ గుప్పిట్లోంచి వస్తోంది. పొద్దున స్నానం చేయించేటప్పుడు తీసిన రెండు మిషన్లూ ఆమె చేతిలోనే ఉన్నాయి. ఆపడం ఎవరికీ గుర్తులేదు; ఆపని మిషన్ను గుప్పిట్లో మూస్తే అలాగే ఈల వేస్తుంది.

"ఇటియ్యమ్మా, బంద్ చేస్త" అని తమ్ముడు చెయ్యి చాపాడు.

పెద్దమ్మ గుప్పిట ఇంకా బిగించింది. ఈల హెచ్చింది.

"ఉండనీ. బ్యాటరీ అయిపోయేదాక ఒర్రనీ."