మాట మోసే పిల్ల

రసజ్ఞని చూసినవాళ్ళందరూ "ఎంత నెమ్మదైన పిల్లో" అంటారు. ఆ మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది. నెమ్మది కాదది. ఒకరి కోపం ఇంకొకరికి తగలకుండా అడ్డం నిలబడీ నిలబడీ పడిపోయిన అలవాటు. మేమిద్దరం హైటెక్ సిటీలో ఒకే ఆఫీసు, పక్కపక్క సీట్లు. బ్యాంకుల సాఫ్ట్‌వేర్‌లో తప్పులు పట్టడం మా ఉద్యోగం. తప్పు దొరికితే నేను ఆ కోడ్ రాసినవాడి దగ్గరికెళ్ళి "ఏందన్నా ఇది?" అని మొహం మీదే అడుగుతాను. అదే తప్పు రసజ్ఞ చెప్తే, వాడు తనని మెచ్చుకుందనుకుని కాఫీ ఇప్పిస్తాడు.

ఈ విద్య ఆమెకి ఇంట్లోనే అబ్బింది.

వాళ్ళది కాకినాడ వైపు. తండ్రి కామేశ్వరరావుగారు ఇరిగేషన్ డిపార్టుమెంటులో చేసి రిటైరయ్యారు. ప్రగతి నగర్ చెరువుకి దగ్గర్లో ఫ్లాటు. అందులో ఆయన, భార్య పద్మావతిగారు, కొడుకు లోహిత్, కూతురు రసజ్ఞ. పదేళ్ళ కిందట లోహిత్‌కి గ్రూప్ టూలో ఉద్యోగం వస్తే కామేశ్వరరావుగారు ఆఫీసంతా స్వీట్లు పంచారు. కొడుకు కొన్ని నెలలు చేసి, ఇంట్లో ఒక్క ముక్క చెప్పకుండా రాజీనామా పడేసి సాఫ్ట్‌వేర్‌లో చేరాడు. సంగతి బయటపడ్డ రోజు ఇంటినిండా చుట్టాలు. వాళ్ళందరి ముందూ ఆయన "నాకు కొడుకే పుట్టలేదనుకుంటా" అన్నారు. ఆ రోజు నుంచి తండ్రికీ కొడుక్కీ మాటల్లేవు.

పోనీ విడిపోయారా అంటే అదీ లేదు. ఒకే ఇల్లు, ఒకే టేబులు, ఒకే చారు గిన్నె. మాటలు మాత్రం మూడో మనిషి మీదుగా నడవాలి. మొదట్లో పద్మావతిగారు మోశారు. ఒకరోజు "నా వల్ల కాదే తల్లీ, నువ్వే చూసుకో" అని చేతులెత్తేశారు. అప్పట్నుంచి ఆ పని రసజ్ఞది.

హాల్లోంచి గదిలోకి వెళ్ళేలోపు మాట మారిపోయేది.

"రాత్రంతా ఏసీ వేసి చావొద్దని చెప్పు వాడికి" అని తండ్రి అంటారు. ఈ పిల్ల లోపలికి వెళ్ళి, "అన్నయ్యా, ఆ చప్పుడుకి నాన్నకి నిద్ర పట్టట్లేదట" అంటుంది. "చెవుల్లో దూది పెట్టుకోమను" అని వాడి జవాబు. బయటికొచ్చి, "తగ్గిస్తానన్నాడు నాన్నా" అంటుంది. తర్వాత తనే వెళ్ళి తగ్గిస్తుంది. పెళ్ళిసంబంధాల మాటలు కూడా ఇలాగే నడిచి, లోహిత్‌వి మధ్యలోనే ఆగిపోయాయి. తనవి మాత్రం తనే ఆపుకుంది. "నేను వెళ్ళిపోతే వీళ్ళిద్దరి మధ్య ఎవరుంటారు స్రవంతీ?" అని నన్నే అడిగింది. గోడ ఉంటుంది అన్నాను. నవ్వలేదు.

ఆమెకంటూ ఉన్నదల్లా శనివారం సాయంత్రం. కొండాపూర్‌లో ఒక కెఫే మేడమీద మేం ఐదారుగురం కలిసి కథలాట ఆడతాం. స్క్రీన్ ఉండదు. టేబులు చుట్టూ కూర్చుని తలా ఒక పాత్ర పట్టుకుంటాం. ఒకరు సందర్భం చెప్తే, మిగతావాళ్ళు ఆ పాత్రలై మాట్లాడతారు. ఏదైనా తెగించి చెయ్యాలంటే పాచిక వెయ్యాలి. అంకె పెద్దది పడితే పని అవుతుంది, చిన్నది పడితే బెడిసికొడుతుంది. మిగతావాళ్ళం రాక్షసుల్ని చంపుతుంటే రసజ్ఞ మాత్రం రాక్షసుడికీ రాజుకీ సంధి కుదిర్చేది. మాకు చిరాకేసేది.

పోయిన ఏడాది ఆ కెఫేవాళ్ళు ఇలాంటి ఆటలు కొత్తగా తయారుచేసేవాళ్ళకి పోటీ పెట్టారు. గెలిచిన ఆటని పెట్టెలో పెట్టి అచ్చువేసి అమ్ముతారు. రసజ్ఞ పేరిచ్చింది. నాకు ఆశ్చర్యమేసింది. ఆఫీసులో ప్రమోషన్ కోసం కూడా నోరు తెరవని మనిషి.

ఆట పేరు "మాటల్లేవు". ఒక ఇల్లు, అందులో మాట్లాడుకోని ఇద్దరు, వాళ్ళ మధ్య మాట మోసే ఒకరు, పక్కన చుట్టాలు. ఇద్దరూ తమ మాటని మోసేవాళ్ళ చెవిలో చెప్పాలి. వాళ్ళు వెళ్ళి రెండోవాళ్ళకి అందించాలి. ఈలోపు ఇంట్లో ఒక శుభకార్యం గట్టెక్కాలి. చదవగానే నాకు నవ్వొచ్చింది. మన ఇళ్ళలో లేనిదా ఇది? మా మేనత్త మా బాబాయితో మాట్లాడాలంటే మా బర్రెకి చెప్పేది.

మొదటి రౌండు దాటింది. రెండో రౌండులో ఉదయ్ భాస్కర్ అని ఒక జడ్జి, కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ మర్యాదగానే చురక పెట్టాడు. "అంతా బావుందండి. కానీ ఈ మాట మోసే పాత్రని ఎవరు ఆడతారండి? ఇటు విని అటు చెప్పడమే కదా, విసుగొస్తుంది. ఆ మనిషికి ఏదో ఒక అధికారం ఇవ్వండి. ఫైనల్ లోపు అది రాసుకురండి."

మర్నాడు ఆఫీసు క్యాంటీన్‌లో రసజ్ఞ పెరుగన్నం ముందు పెట్టుకుని కలుపుతూనే ఉంది, తినలేదు.

"ఏమైంది? రూలు దొరుకుతలేదా?" అన్నాను.

"దొరికింది. ముందునుంచీ తెలుసు. మాట మోసేవాళ్ళు మాట మార్చొచ్చు. పాచిక వెయ్యాలి. పెద్ద అంకె పడితే అవతలివాళ్ళు నమ్ముతారు. ఆట చివర్లో ఆ ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని, తాము నిజంగా ఏమన్నారో చెప్పాలి. అప్పుడు ఎవరు ఏం మార్చారో అందరికీ తెలుస్తుంది."

"మస్తుంది గదా! రాసెయ్."

"రాస్తే నేను దొరికిపోతాను."

"ఎవరికి? మీ నాయన వచ్చి గీ ఆట ఆడతడా ఏంది? ఫికర్ జెయ్యకు, రాయి."

అప్పుడు చెప్పింది అసలు సంగతి. మూడేళ్ళ కిందట లోహిత్‌కి పూణేలో పెద్ద ఉద్యోగం వచ్చింది. వెళ్దామనే అనుకున్నాడు. ఆ సంగతి చేరవేస్తే కామేశ్వరరావుగారు పేపర్లోంచి తలెత్తకుండా "పోతే పోనీ. గది ఖాళీ అవుతుంది" అన్నారు. ఈమె లోపలికి వెళ్ళి, "నువ్వు వెళ్ళిపోతే ఇల్లు బోసిపోతుందంటున్నారు నాన్న" అంది. లోహిత్ చాలాసేపు కిటికీ దగ్గర నిలబడి, ఆ ఉద్యోగం వద్దనుకున్నాడు. ఆయన అనని మాట కోసం ఆగిపోయాడు.

అయినా రసజ్ఞ ఆ వారమే రూలు రాసి ఇచ్చేసింది.

ఫైనల్ శనివారం మధ్యాహ్నం, అదే మేడమీద. ముక్కూమొహం తెలియని వాళ్ళు ఆటని చదువుకుని ఆడతారు. తయారుచేసిన మనిషి పక్కన కుర్చీలో కూర్చోవాలి, నోరు విప్పకూడదు. వివరణ ఇస్తే ఓడిపోయినట్టే. నేను వెళ్ళేసరికి రసజ్ఞ మెట్ల దగ్గర మొహం పాలిపోయి నిలబడి ఉంది. లోపల మూడో వరసలో కామేశ్వరరావుగారు, పద్మావతిగారు. వెనక స్తంభం దగ్గర లోహిత్.

"ఇద్దరూ ఎట్లొచ్చిన్రే?" అన్నాను.

"నాన్న 'వాడొస్తే నేను రాను, అదే చెప్పు వాడికి' అన్నారు. నేను అన్నయ్య దగ్గరికెళ్ళి 'నాన్న నిన్నూ రమ్మన్నారు' అన్నాను. నాన్నతో అన్నయ్యకి ఆఫీసు పనుందని చెప్పాను."

నాకు తల కొట్టుకోవాలనిపించింది. ఆ ఒక్కసారి తండ్రి మాటని ఉన్నదున్నట్టు మోసుంటే చాలు, లోహిత్ గుమ్మం దాటేవాడు కాదు, ఏ గొడవా లేదు. "ఎందుకట్ల చెప్పినవే?"

"నోటికి అదే వచ్చింది."

"ఇగ విను. ఇప్పుడైనా పేరు వాపస్ తీస్కో. జ్వరమొచ్చిందని నేను చెప్తా."

ఆమె లోపలికి చూసింది. టేబులు మీద తన ఆట పరిచి ఉంది. "అలిసిపోయాను స్రవంతీ" అంది. వెళ్ళి ఆ కుర్చీలో కూర్చుంది.

ఆట మొదలైంది. ఒక బట్టతలాయన తండ్రి అయ్యాడు, గడ్డం కుర్రాడు కొడుకు అయ్యాడు, జీన్స్ వేసుకున్న ఒకమ్మాయి మాట మోసే మనిషి. గృహప్రవేశం గట్టెక్కాలి. మొదట్లో అందరూ పగలబడి నవ్వారు. బట్టతలాయన చెవిలో ఏదో చెప్తాడు, ఆ అమ్మాయి గలగలా పాచిక వేస్తుంది, కుర్రాడి దగ్గరికెళ్ళి తియ్యగా ఇంకేదో చెప్తుంది. కుర్రాడు మెత్తబడతాడు. కామేశ్వరరావుగారు కూడా ఒకసారి నవ్వారు.

గృహప్రవేశం అయిపోయింది. ఇక చివరి రూలు. ఇద్దరూ ఎదురెదురుగా కూర్చున్నారు.

"నువ్వు పాలు పొంగించాలని నేను అడగలేదు. నా గుమ్మం తొక్కొద్దన్నాను" అన్నాడు బట్టతలాయన.

గడ్డం కుర్రాడి మొహంలో నవ్వు పోయింది. ఆట సంగతి మరిచిపోయి ఆ అమ్మాయి వైపు తిరిగి, "మరి నాకలా చెప్పావేంటి?" అన్నాడు. ఆ అమ్మాయి రూల్లో లేని మాట అంది. "మీరిద్దరూ ఒకచోట ఉంటారని."

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఉదయ్ భాస్కర్ మళ్ళీ కళ్ళజోడు తుడుచుకున్నాడు. కామేశ్వరరావుగారు ముందు కుర్చీ వీపుని రెండు చేతులతో పట్టుకుని, టేబులు వైపు కాదు, కూతురు వైపు చూస్తున్నారు. తర్వాత మెల్లగా మెడ తిప్పి స్తంభం దగ్గరికి చూశారు. కొడుకు అప్పటికే మెట్ల వైపు నడుస్తున్నాడు.

నేనూ వెనకే పరిగెత్తాను. మెట్ల మలుపులో లోహిత్ ఆగాడు. పై మెట్ల మీద రసజ్ఞ, ఆమె వెనక తల్లిదండ్రులు.

"పూణే అప్పుడు ఇల్లు బోసిపోతుందన్నది నాన్నేనా?" అన్నాడు.

"కాదన్నయ్యా."

"మరేమన్నారు?"

ఆమె తండ్రి మొహంలోకి చూసింది. కొడుకు మూడు మెట్ల కింద నిలబడి ఉన్నాడు. అయినా ఆయన కూతురితోనే అన్నారు. "నేనేమన్నానో అదే చెప్పు వాడికి."

"పోతే పోనీ, గది ఖాళీ అవుతుంది అన్నారు."

లోహిత్ తలూపి దిగి వెళ్ళిపోయాడు.

పైన "మాటల్లేవు"కి మొదటి బహుమతి అని మైకులో పిలిచారు. వాళ్ళలో ఒక్కరూ లేరు. షీల్డు నేను అందుకుని, ఫోటోకి ఇకిలించి, హఫీజ్‌పేటలో మా ఇంటికి తెచ్చి ఫ్రిజ్ మీద పెట్టాను.

లోహిత్ ఆ నెల తిరక్కుండా పూణేలో వేరే ఉద్యోగం చూసుకుని వెళ్ళిపోయాడు. ఇంట్లో గది నిజంగానే ఖాళీ అయింది. ఈసారి కామేశ్వరరావుగారు కూతురితో మాట్లాడటం మానేశారు. "టీ పెట్టమను దాన్ని" అని భార్యకి చెప్పేవారట. పద్మావతిగారు "మీ మాట మీరే మోసుకోండి" అని లోపలికి వెళ్ళిపోయేవారట. ఆయన టీ తాగడమే తగ్గించారు. ఆఫీసులో రసజ్ఞ అందరితో బాగానే ఉండేది. లిఫ్టులో మేమిద్దరమే ఉన్నప్పుడు మాత్రం ఒకసారి ఏడ్చింది. "ఇల్లు నేనే విడగొట్టాను" అంది. కాదని నేను గట్టిగా అనలేకపోయాను. నాకూ అలాగే అనిపించింది మరి.

పోయిన ఆదివారం షీల్డు ఇచ్చేద్దామని ప్రగతి నగర్ వెళ్ళాను. పద్మావతిగారు వంటింట్లో దోసకాయ ముక్కలు తరుగుతున్నారు. రసజ్ఞ కింద కూర్చుని కొబ్బరి కోరుతోంది. కామేశ్వరరావుగారు హాల్లో ఉన్నారు. నాకు తలుపు తీసి, "లోపలున్నారమ్మా" అని మళ్ళీ టీవీ వైపు తిరిగారు.

కాసేపటికి టీవీ ఆగిపోయింది. హాల్లో వదిలేసిన పద్మావతిగారి ఫోన్ నుంచి ఎవరికో రింగవుతున్న చప్పుడు. ఆయనకి ఈమధ్య చెవి కాస్త తక్కువ, స్పీకరు పెట్టుకునే మాట్లాడతారు.

"హలో?" లోహిత్ గొంతు.

ఇటునుంచి ఏమీ లేదు.

"హలో, అమ్మా?"

"అమ్మ కాదు. నేను."

వంటింట్లో కత్తిపీట ఆగింది. లోహిత్ పెట్టేస్తాడనుకున్నాను.

"చెప్పండి" అన్నాడు.

"ఏం చెప్పాలి? చెప్పాల్సింది నువ్వు! నాకొక్క మాట చెప్పకుండా ఆ ఉద్యోగం ఎందుకు మానేశావ్? ఆఫీసులో తలెత్తుకోలేకపోయాను తెలుసా నీకు? బుద్ధుందా అసలు?"

పదేళ్ళ నాటి గొడవ. ఆగినచోటే అందుకున్నారు.

"మీకు చెప్తే మాననిచ్చేవారా? పదిమందిలో మీరేమన్నారో గుర్తుందా?"

"ఉంది! అన్నాను! అయితే ఏంటి?"

"అయితే ఏంటా?"

ఇద్దరి గొంతులూ లేచాయి. ఒకరి మాట మీద ఒకరు పడి, ఏది ఎవరిదో తెలియనంతగా అరుచుకుంటున్నారు. పై ఫ్లాటువాళ్ళకి కూడా వినిపించే ఉంటుంది. రసజ్ఞ చేతికంటిన కొబ్బరి దులుపుకుని గబుక్కున లేచింది. మొహంలో ఆ పాత నెమ్మది వచ్చేసింది. హాల్లోకి వెళ్ళి ఏం చెప్పాలో అప్పుడే కూర్చుకుంటోందని నాకు తెలిసిపోయింది.

పద్మావతిగారు ఆమె చెయ్యి పట్టుకుని కిందికి లాగారు.

"కూర్చోవే. వాళ్ళు మాట్లాడుకుంటున్నారు."