ముందు చక్రాలు తిరగని బండి

వాగు బురదలో దిగబడ్డ ఒక కొత్త బండి కథ చెబుతాను. బండితో పాటు నా పెళ్లి కూడా అందులోనే దిగబడింది, కాబట్టి నవ్వేటప్పుడు జర జాలి చూపించండి.

ఎనభైల్లో మా బాపుకు ఒక జీపు ఉండేది. గుడ్డ టాపు, తలుపుల్లేవు. ఇంటిల్లిపాదీ ఒకరి ఒళ్లో ఒకరు కూర్చుని నల్లగొండ పోయేవాళ్లం. పెద్ద గేరు పక్కనున్న చిన్న గేరు గుంజితే నాలుగు చక్రాలూ తిరిగి, ఎంత బురదైనా దాటేది. తొంభైల్లో నేను పట్టుబట్టి దాని తర్వాతి తరం బండి కొనిపించాను. రేకు టాపు, అద్దాలు, మెత్తటి సీట్లు, టేప్ రికార్డర్. దీనికీ నాలుగు చక్రాలూ తిరుగుతాయి. కాకపోతే ముందు చక్రాలు రెండింటికీ మధ్యలో ఒక్కో బిళ్ళ ఉంటుంది. దిగి దాన్ని చేత్తో తిప్పితేనే ఆ చక్రాలకు బలం అందుతుంది. అమ్మినాయన ఈ సంగతి చెబుతున్నప్పుడు నేను క్యాసెట్టు పెట్టుకుంటున్నాను.

ఆ వారంలోనే కట్టంగూర్ నుంచి పిల్ల తండ్రి మా ఇల్లు, పొలం చూడటానికి వచ్చాడు. పిల్ల నాకు ముందే తెగ నచ్చింది. ఆయనకు పొలం నచ్చితే పెళ్లి ఖాయం.

"వాగుల బురదున్నది. పాత జీపుల పోండ్రి," అన్నాడు బాపు.

"గా డొక్కుదాన్ల మామను కూసోబెడ్తనా బాపూ? గిది చెరువునైన దాటుతది."

పెళ్లి కాకముందే మామ అనేశాను చూడండి, అంత ధీమా.

ఆయన్ని ఎక్కించుకుని పొలానికి పోతుంటే వాగు నడుమ బండి ఆగింది. చిన్న గేరు గుంజి తొక్కాను. వెనక చక్రాలు గిర్రున తిరిగి గుంట తవ్వుకున్నాయి.

"జర దిగాల్నా బాబూ?"

"వద్దు మామా, కూసోండ్రి. నాలుగు చక్రాల తాకత్ ఇప్పుడు చూస్తరు."

ఇంకా తొక్కాను, ఇంకా దిగబడింది. ఆయన ఆగలేక ధోతి ఎగగట్టి దిగి, వెనక నుంచి తోశాడు. పాపం, తెల్ల ధోతి. బురద మీసాల దాకా ఎగిరింది. తుడుచుకుంటూ వచ్చి చక్రాల వైపు చూశాడు.

"బాబూ, ఎన్క చక్రాలే కష్టపడ్తున్నయ్. ముందటియి పండుగకొచ్చిన అల్లుళ్ల లెక్క ఊకెనే కూసున్నయ్."

క్యాసెట్టు గోలలో సగమే విన్న బిళ్ళ సంగతి అప్పుడు గుర్తొచ్చింది. దిగి మోచేతుల దాకా బురదలో తడిమాను. దొరికింది గానీ బురద పట్టి తిరగలేదు. సిగ్గుతో చచ్చిపోయాను. సంబంధం పోయినట్టే అనుకున్నాను.

ఇంతలో గట్టు మీద పాత జీపు చప్పుడు. నామీద నమ్మకం లేక బాపు వెనకాలే వచ్చాడు. తాడు కట్టి కొత్త బండిని గుంజేశాడు. తిట్టినా బాగుండేది.

మామ పాత జీపెక్కి పొలం చూసొచ్చాడు.

"భూమి మంచిగున్నది. జీపు ఇంక మంచిగున్నది," అని నావైపు తిరిగాడు. "ఫికర్ జేయకు అల్లుడా. గా బిళ్ళ తిప్పుడు మా పిల్లకు నేర్పి పంపిస్త."

నేర్పే పంపాడు. ఇంట్లో పనుండగా నేను పేపరు పట్టుకుంటే చాలు, "ముందు చక్రం తిరుగుతలేదు, తిప్పాల్నా?" అంటూ మా ఆవిడ చెయ్యి నా చెవి దాకా వస్తుంది. అందుకే నాలుగు చక్రాల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. అమ్మేవాడు మాట్లాడుతుండగా క్యాసెట్టు ముట్టను. పిల్లనిచ్చేవాణ్ణి వాగులో దించను. రెండోదానికి మళ్లీ అవకాశమే రాదని మా ఆవిడ హామీ ఇచ్చింది.