అంచెట్టి కొండదారిలో వదిన పరుగు

పోయిన వేసవిలో మా కుటుంబమంతా రెండు రోజులు సరదాగా గడపడానికి హోసూరు నుంచి అంచెట్టి వెళ్లాం. ఆ ఆదివారం పొద్దున అక్కడి కొండదారిలో హాఫ్ మారథాన్ ఉంది. మా ఆడబిడ్డ, యాభై ఏళ్ల రత్న వదిన, అందులో పేరు ఇచ్చింది. తళి ఊళ్లో తన పూలతోట పనులు చూసుకుంటూనే నెలల తరబడి పరుగు సాధన చేసిందామె.

చివరి మిట్ట దగ్గర నేను నీళ్ల సీసా పట్టుకుని నిలబడ్డాను. ఎండ మండిపోతోంది. వదిన రొప్పుతూ మిట్ట ఎక్కుతుండగా, ఆమెకు ముందు పరుగెడుతున్న ఒక అమ్మాయి తూలి రోడ్డు మీద పడిపోయింది. నేను అటు పరుగెత్తాను. వదిన ఆ పిల్లను నీడలోకి చేర్చి, నా చేతిలోని నీళ్లు తీసుకుని తలమీద పోసి, తన టోపీతో విసరసాగింది.

"ఈడ నేను చూసుకుంటాను, నువ్వు పో వదినా," అన్నాను.

"పరుగు యాడికి పోతుందమ్మా? ముందు ఈ బిడ్డ కండ్లు తెరవనీ," అంది.

అంబులెన్సు వచ్చేసరికి అమ్మాయి తెలివిలోకి వచ్చింది. అప్పుడు లేచిన వదినకు పిక్కలు పట్టేసి అడుగు పడలేదు. మా కారెక్కమని బతిమాలాను.

"ఇంత దూరం వచ్చినాను, ముగించే వస్తాను," అని కుంటుతూ బయలుదేరింది. నేనూ చెప్పులతోనే పక్కన నడిచాను.

మేం చేరేసరికి గమ్యం దగ్గర ఆర్చిని విప్పేస్తున్నారు. వదినను చూడగానే పనివాళ్లు ఒరిగిన ఆర్చిని మళ్లీ పైకెత్తి, ఆమె దాటేదాకా చేతులతో పట్టుకుని నిలబడ్డారు. అందరికన్నా చివర వచ్చిన మనిషికి అన్ని చప్పట్లు నేనెప్పుడూ వినలేదు. ఆమె పక్కన నడిచినందుకు నాకు ఇప్పటికీ గర్వంగా ఉంటుంది.