అన్నకి అన్న

కరిగిన వెన్నలో ఎండు పుదీనా చిటపటలాడిన వాసన మొన్న ఎలిఫ్ వంటింట్లోంచి వీధి దాకా వచ్చి, నా ముక్కు పట్టుకుని తిన్నగా అమెరికాలో ట్రాయ్‌లోని మా పాత వీధికి లాక్కుపోయింది. డెబ్బైల చివర్లో, మంచు మా గుమ్మాన్నే కాదు ఆకాశాన్ని కూడా పూడ్చేసిన ఒక చలికాలానికి.

మా పక్కిల్లు టర్కీవాళ్లది. వాళ్లమ్మాయి ఎలిఫ్‌ది నా ఈడే. ఇంట్లో ఇంగ్లీషే మాట్లాడండి, లేకపోతే పిల్లలు వెనకబడతారని మా టీచర్ చెబితే, రెండిళ్ల తల్లులూ దాన్ని వేదవాక్కులా పట్టుకున్నారు. దాంతో ఎలిఫ్ అమ్మమ్మకి సొంత కూతురింట్లో మాట్లాడ్డానికి మనిషి కరువైంది.

ఆవిడ ఊరుకునే రకమా? చెవుడు తెచ్చుకుంది. ఇంగ్లీషులో పిలిస్తే ఇల్లు కూలినా వినపడదు. వాటర్ అంటే ఇంటికప్పుకేసి చూస్తుంది. వాళ్ల భాషలో "సు" అంటే చాలు, నయాగరా తెచ్చి ఒళ్లో పోస్తుంది. మధ్యాహ్నం టీవీ సీరియల్లో సరిగ్గా ఏడవాల్సిన చోటే ఏడ్చే ఆ మనిషికి ఇంగ్లీషు రాదని నమ్మిన అమాయకులం మేము. పొరల మధ్య చీజ్ కూరి ఆవిడ కాల్చే బోరెక్ కోసం ఎలిఫ్ పోగొట్టుకున్న మాటలన్నీ వెతికి తెచ్చుకుంది; నేనైతే తెలుగు కన్నా టర్కిష్ గడగడా మాట్లాడేదాన్ని.

ఆ తర్వాతి వేసవిలో గుంటూరు నించి మా బామ్మ దిగింది. పక్క పెరట్లో ఎలిఫ్ "అన్నే!" అని తల్లిని పిలవడం విని నిర్ఘాంతపోయింది.

"ఏమిటే, కన్నతల్లిని పట్టుకుని అన్నా అంటోందీ?"

"అన్నె అంటే మామ్, బామ్మా. గ్రాండ్‌మా అయితే అన్నెఅన్నె."

"అన్నకి అన్నా? ఆడవాళ్లే లేరుటే ఆ కొంపలో!"

సంగతి తేల్చుకోడానికి కంచె దాటి వెళ్లిన బామ్మ, ఒక్క మాటా కలవని ఆ పెద్దావిడ పక్కన సాయంత్రం దాకా కూర్చుని, ద్రాక్షాకుల్లో అన్నం చుట్టే విద్యతో పాటు, మనవరాలి ఇంగ్లీషుకి ఇంటికప్పుకేసి చూసే విద్య కూడా నేర్చుకొచ్చింది. మర్నాడు "బామ్మా, ఐ యామ్ హంగ్రీ" అన్నాను. బామ్మకి చెవుడొచ్చింది. ఇవాళ ఇది తెలుగులో రాస్తున్నానంటే ఆ ఆకలి చలవే.

ఆ చెవిటివాళ్లిద్దరూ ఇప్పుడు లేరు. మొన్న ఎలిఫ్ కూతురు వంటింట్లోకొచ్చి "మామ్, వాటర్" అంది. ఎలిఫ్ గరిటె ఆపి ఇంటికప్పుకేసి చూసింది. ఆ పిల్ల నవ్వి, ఫ్రిజ్ తలుపుకి గ్లాసు ఆనించి నీళ్లు పట్టుకుని వెళ్లిపోయింది. ఆ ఫ్రిజ్‌కి ఏ భాషా అక్కర్లేదు.

ఎలిఫ్ చూపు ఇంకా కప్పు మీదే ఉంది. దాహం ఏమాత్రం లేకపోయినా నేను గొంతెత్తి "సు!" అని అరిచాను.

నయాగరా వచ్చింది.