సాయిలు మీద నేను పెంచిన పాట

ఒక మంచి మాట నా గుండెల మీద రాయిలా కూర్చుని చాలా ఏళ్లయింది. జీతం రాగానే కొంత పక్కన పెట్టు, ఆ తర్వాతే ఖర్చు పెట్టు. ఇంతే ఆ మాట. అందులో తప్పేముంది? ఏమీ లేదు. తప్పు నాది. ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. మీకు చెబుతున్నాను.

నేను బడికి వెళ్లింది తక్కువ. నాచారంలో లేతు మిషన్ మీద పనిచేస్తూ, మిర్చి బజ్జీలు చుట్టిచ్చిన పేపరు ముక్కలతో సహా దొరికిందల్లా చదివి లెక్కలు నేర్చుకున్నాను. మిత్తి మీద మిత్తి, అంటే వడ్డీకి వడ్డీ, మనిషిని ఎలా మింగుతుందో అర్థమయ్యాక ఒళ్లు మండింది. మాలాంటి వాళ్లకు ఈ సంగతి ఒక్కరైనా ఎందుకు చెప్పలేదు? ఆ మంటతోనే మధ్యాహ్నం సద్ది విప్పిన చోటల్లా చెప్పేవాణ్ణి: ఆపదకని కొన్ని నెలల ఖర్చు విడిగా ఉంచండి, దాన్ని ముట్టుకోకండి.

పక్క మిషన్ సాయిలు నవ్వేవాడు. జనగామ వైపు నుంచి వచ్చినవాడు, నాకంటే చిన్నవాడు. మిగిలిందంతా నారపల్లిలో ఒక ప్లాటుకు వాయిదాలు కట్టేవాడు.

"ఆపద నీ ఇంటికే వస్తదన్నా. దానికి కుర్సీ ఏసి పెట్టినవ్ గద!" అనేవాడు.

అందరూ పగలబడి నవ్వేవాళ్లు. ఆ నవ్వు నేను మరిచిపోలేదు.

మాకొక చీటీ ఉండేది. నెలనెలా అందరం సమానంగా వేసేవాళ్లం. డబ్బు అవసరమైనవాడు పాడాలి, అంటే మొత్తంలో తాను ఎంత వదులుకుంటాడో చెప్పాలి. ఎక్కువ వదులుకున్నవాడికే చీటీ. వదిలిన సొమ్ము మిగతావాళ్లు పంచుకుంటారు. ఒకడి అవసరం ఎంత పెద్దదైతే మిగతావాళ్లకు అంత లాభం. ఇన్ని లెక్కలు తెలిసిన నాకు ఈ లెక్కలోని క్రూరత్వం అప్పుడు తోచలేదా? తోచింది.

సాయిలు భార్యకు ఆపరేషన్ అన్నారు. ఆ ఆదివారం ఉప్పల్‌లో, చీటీ నడిపే ఆయన మేడ మీద కూర్చున్నాం. కళ్లు మూసుకుంటే ఇప్పటికీ ఆ మధ్యాహ్నం తేలుతూ వస్తుంది. గాలికి ఉబ్బి మెల్లగా వాలిపోయే పరదా, ఎక్కడినుంచో బిస్కట్లు కాలుతున్న తీపి వాసన, నీళ్ల అడుగు నుంచి వస్తున్నట్టు మనుషుల గొంతులు. సాయిలు పాడాడు. ఇంకెవరికీ అవసరం లేదు. అక్కడితో అయిపోవాలి.

"ఇంకో వెయ్యి" అని వినిపించింది. అది నా గొంతేనా? కలలో మనల్ని మనం దూరం నుంచి చూసుకుంటాం కదా, అలా చూశాను నన్ను.

"ఏందన్నా, నీగ్గూడ అర్జెంటా?"

"నీకే ఉంటయా ఖర్సులు? పాడు."

అతను పెంచాడు. నేను పెంచాను. "కానియ్యున్రి, గీ నెల మస్తు మిగుల్తది!" అన్నారెవరో వెనకనుంచి. సాయిలు ముఖంలో నవ్వు పూర్తిగా ఆరిపోయాక నేను ఆగాను.

అంత వదులుకున్నాక అతని చేతికొచ్చిన చీటీ డబ్బు దవాఖానాకు చాలలేదు. ప్లాటు అమ్మేశాడు. భార్య బతికింది. వాళ్లు ఇప్పటికీ లాలాపేట్‌లో కిరాయికే ఉంటున్నారు. చీటీ పాడిన రోజే మేడ మెట్లు దిగుతూ అతనన్నాడు, "నువ్వు ముందుగాల్నే జెప్పినవన్నా. నేనే ఇనలే." నేను అతని భుజం మీద చెయ్యి వేశాను. వేయగలిగాను.

నా వాటాకు వచ్చింది వారం కూరగాయలకు కూడా సరిపోదు. మరి ఎందుకు చేశాను? నా మాట నిజమని అతనికి తెలిసిరావాలని. అంతే.

ఇప్పుడు ఉప్పల్‌లో కొత్తగా ఉద్యోగాల్లో చేరిన పిల్లలకు ఆదివారాలు ఇవే సంగతులు చెబుతుంటాను. సాయిలు తనంతట తనే వస్తాడు, ముందు వరసలో కూర్చుంటాడు. "నన్ను జూడున్రి. ఈ అన్న మాట ఇనక ప్లాటు పోగొట్టుకున్న" అంటాడు. పిల్లలు నా వైపు గౌరవంగా చూస్తారు. నేను తర్వాతి లెక్క మొదలుపెడతాను. ముందే దాచుకుని ఉంటే ప్లాటు మిగిలేదేమో. ఆ 'ఏమో' చాటునే ఇన్నేళ్లూ నక్కాను.

అతనికి చెప్పగలనా? తెలియదు. చెబితే నవ్వుతాడా, లేచి వెళ్లిపోతాడా? అదీ తెలియదు. తెలిసింది ఒక్కటే. ఆ రోజు నాకు డబ్బు అవసరం లేదు. అతనికి ఉందని నాకు తెలుసు. తెలిసే పాట పెంచాను.

రాసేశాను. ఇప్పుడు ఊపిరి ఆడుతోంది.