బాబాయ్ అడిగిన హోమ్ మ్యాచ్

ఆ రోజుల్లో సస్కటూన్‌లో ఏ బస్సెక్కినా వెనక సీట్లోంచి తెలుగు వినపడేది. విమానాలు మనవాళ్ళని దింపుతూనే ఉండేవి, యూనివర్సిటీ చుట్టుపక్కల ఏ బేస్‌మెంట్ ముందు నిలబడినా పోపు వాసన వచ్చేది. చదువుకోవడానికి వచ్చామని అందరికీ చెప్పుకునేవాళ్ళం గానీ, మా ధ్యాసంతా పార్ట్‌టైమ్ జాబ్ మీదా, వర్క్ పర్మిట్ మీదా, ఫోన్‌లో కనిపించే మైనస్ డిగ్రీల మీదా ఉండేది. అలాంటి రోజుల్లో, స్కూల్లో ఆటల పీరియడ్ వస్తే తలనొప్పని చెప్పి చెట్టు కింద కూర్చునే నేను, ఆస్ట్రేలియా వాళ్ళ ఫుట్‌బాల్‌లో గోల్ అంపైర్‌నయ్యాను. ఇప్పుడు తల్చుకుంటే నాకే నమ్మబుద్ధి కాదు.

దానికి కారణం మా బాబాయ్. (సొంత బాబాయ్ కాదు, అసలు తెలుగువాడే కాదు. పెర్త్ నుంచి వచ్చి సస్కటూన్‌లో స్థిరపడ్డ ఆస్ట్రేలియా మనిషి.) విత్తనాలు పరీక్షించే ల్యాబ్‌లో ఆయన నాకు సూపర్‌వైజర్. తడి కాగితాల మీద పరిచిన గింజల్లో ఎన్ని మొలకెత్తాయో, ఎన్ని చచ్చాయో లెక్కపెట్టడం నా పని. నేను భోజనం చేశానా లేదా, బూట్లు మంచుకి పనికొస్తాయా లేదా అని రోజూ ఆరా తీస్తుంటే మా గుంపంతా ఆయనకి బాబాయ్ అని పేరు పెట్టేశాం. ఆ మాటకి అర్థం చెప్పిన రోజు ఆయన మధ్యాహ్నం దాకా మురిసిపోయాడు. ఆ మురిపెంలోనే నన్ను గోల్ అంపైర్‌ని చేసేశాడు. "చచ్చిన గింజని పట్టుకునే కళ్ళు నీవి. బంతి ఎటునుంచి పోయిందో చెప్పలేవా?" అన్నాడు. కాదనే ధైర్యం నాకు లేదు, సూపర్‌వైజర్ కదా.

ఆ ఆట గురించి నాకు అర్థమైనంతవరకు చెబుతాను. బంతి కోడిగుడ్డు ఆకారంలో ఉంటుంది, గ్రౌండ్ కూడా దాదాపు అంతే. రెండు చివర్లా నాలుగేసి స్తంభాలు. మధ్య రెండింటి నడుమ నుంచి తంతే ఆరు పాయింట్లు. పక్కనుంచి పోయినా, స్తంభానికి తగిలినా ఒక్కటే. తెల్లకోటు వేసుకుని ఆ స్తంభాల దగ్గర నిలబడి, ఆరయితే రెండు వేళ్ళు, ఒకటయితే ఒక వేలు చూపించి జెండాలు ఊపే మనిషే గోల్ అంపైర్. ఎవరి పక్షమూ వహించకూడదు, నోరు మెదపకూడదు. (నాకు ఇంతకంటే కష్టమైన ఉద్యోగం మళ్ళీ దొరకలేదు.)

బాబాయ్‌కి జీవితంలో ఒక్కటే కోపం, అది ప్రయాణాల మీద. వాళ్ళ దేశంలో వాళ్ళ ఊరి జట్టు వారం విడిచి వారం ఖండం ఈ చివర నుంచి ఆ చివరకి ఎగరాలట. మెల్బోర్న్ జట్లేమో చాలాసార్లు ట్రామ్ దిగి గ్రౌండ్‌లోకి నడిచిపోతాయట. పెద్ద ఫైనల్ కూడా అక్కడే. "మావాళ్ళు విమానంలో మోకాళ్ళు ముడుచుకుని కూర్చుంటే, వాళ్ళు సొంత మంచం మీద కాళ్ళు చాపుకుని పడుకుంటారు. ఇది న్యాయమా?" అని నన్ను నిలదీసేవాడు, ఆ షెడ్యూలు నేనే వేసినట్టు. "న్యాయం కాదు బాబాయ్" అనేదాన్ని. అనేలోపు మొలకల లెక్క తప్పి మళ్ళీ మొదటికి వచ్చేదాన్ని.

ఇంత దూరం వచ్చినా ఆ అన్యాయం ఆయన్ని వదలలేదు. సస్కటూన్‌లో ఆయన ఒక జట్టు కూడగట్టాడు, హాకీ మానేసినవాళ్ళనీ రగ్బీ మానేసినవాళ్ళనీ కలిపి, తనూ ఆడుతూ. ఈ ఆట ఆడే మిగతా జట్లన్నీ పక్క రాష్ట్రం ఆల్బర్టాలో ఉండేవి. మా జట్టు ఒక్కటే దూరం కాబట్టి ప్రతిసారీ మేమే వెళ్ళాలి. పొద్దున్నే వ్యానెక్కి, నడుం పట్టేసి దిగి, ఓడిపోయి, మళ్ళీ అదే వ్యానెక్కేవాళ్ళం. బాబాయ్ చలికాలమంతా ఫోన్లు చేసి బతిమాలితే, సీజన్లో ఆఖరి మ్యాచ్‌కి అక్కడి కేల్గరీ జట్టు మా ఊరు రావడానికి ఒప్పుకుంది. ఆ రోజు ల్యాబ్‌లో నా బల్ల దగ్గరికి కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "నా మోకాలికి ఇదే చివరి సీజన్ అన్నాడు డాక్టర్. పెర్త్ వదిలాక సొంత గ్రౌండ్ మోత వినలేదు నేను. ఒక్కసారి మనవాళ్ళు మనకోసం అరుస్తుంటే విని ఆపేస్తాను. అరిచేవాళ్ళని నువ్వు తీసుకురావాలి. మీవాళ్ళు ఊరినిండా ఉన్నారుగా" అన్నాడు. ఆయన అంత మెల్లగా మాట్లాడ్డం నేనెప్పుడూ వినలేదు. తప్పకుండా తెస్తానని మాటిచ్చాను.

అక్కడే చిన్న చిక్కొచ్చింది. పైఊరి ఆటగాళ్ళని సొంత ఊరివాళ్ళు ఇళ్ళల్లో ఉంచుకోవడం ఇక్కడి అలవాటు. మా జట్టువాళ్ళ ఇళ్ళు చాలక, కొందరిని స్టూడెంట్ల దగ్గర సర్దమన్నాడు బాబాయ్. "నేలమీద పడుకున్నా ఫరవాలేదులే" అని, వాళ్ళకి నిద్ర చాలకపోతే మనకే మంచిదన్నట్టు కన్ను కూడా గీటాడు. నేను ఆ మాట మా పెద్దక్కకి చెప్పాను. (పెద్దక్కంటే మా ఫ్లాట్‌లో అందరికన్నా పెద్దది, నెల్లూరు మనిషి. ఆవిడ మాటకి మా బిల్డింగ్‌లో తిరుగులేదు.) "ఇంటికొచ్చిన పిలకాయల్ని నేలమీద పండుకోమంటామా ఏంది? మనం పండుకుందాం కింద" అంది. అలా మా మంచాలు కేల్గరీ వాళ్ళకి వెళ్ళిపోయాయి. వాళ్ళలో ఎర్రజుట్టు పొడుగు కుర్రాడొకడు వ్యాన్ పడక దారంతా వాంతులు చేసుకుంటూ వచ్చాడు. పెద్దక్క వాడికి అల్లం వేసిన మజ్జిగ పట్టించి, చారన్నం పెట్టి, నుదుటికి అమృతాంజనం రాసింది. పొద్దున్న పెసరట్లు. మా గుంపు వాడికి మజ్జిగబ్బాయని పేరు పెట్టింది.

మ్యాచ్‌కి మనవాళ్ళు బస్సుల నిండా దిగారు. స్టీలు పళ్ళాలు, గరిటెలు, ఎవరిదో వినాయకచవితి నాటి డప్పు. బాబాయ్ ఆ జనాన్ని చూసి టోపీ తీసి వంగాడు. మా ఊరి గాలి మొదట్లో మావైపే వీచింది, మేం బాగా ముందుకెళ్ళిపోయాం. పళ్ళాలు మోగిపోతున్నాయి. నేను తెల్లకోటులో స్తంభంలా నిలబడి లోపల్లోపల గంతులేస్తున్నాను. అప్పుడు మజ్జిగబ్బాయి పరుగెత్తుతూ జారి ముందుకు పడ్డాడు. కరీంనగర్ తమ్ముడొకడు లేచి, "అరే, పొద్దుగాల మనింట్లనే తిన్నడు గదా. పాపం, గంత దూరంకెల్లి వచ్చిన్రు" అన్నాడు. ఎవరో ఒక పళ్ళెం మీద రెండు దెబ్బలు వేశారు. పక్కవాళ్ళు అందుకున్నారు. చూస్తుండగానే గ్రౌండంతా కేల్గరీ జట్టు కోసం మోగడం మొదలైంది. మజ్జిగబ్బాయి ముందు బిత్తరపోయి చుట్టూ చూశాడు, ఆ తర్వాత లేచి ఆడాడు, మామూలుగా ఆడలేదు.

నేను స్తంభాల మధ్య నుంచి పెద్దక్కకి కళ్ళతో సైగలు చేశాను. ఆవిడ నవ్వుతూ చెయ్యి ఊపింది. విరామం ఇవ్వగానే కోటు ఎత్తిపట్టుకుని పరుగెత్తాను.

"అక్కా, మనం బాబాయ్ వైపు."

"తెలుసులే" అంది పెద్దక్క, గరిట కింద పెట్టకుండానే. "బాబాయ్ ఈ ఊరోడేగా. ఆట అయినాక ఇంటికి పోయి తన మంచం మీద పండుకుంటాడు. ఆ పిలకాయలు ఆ వ్యానులో అంత దూరం పోవాల. ఓడిపోయి ఎట్టా పోతారే? న్యాయమా అది?"

అది అక్షరాలా బాబాయ్ వాదనే. రోజూ మొలకల మధ్య తల ఊపి ఒప్పుకున్న దాన్ని ఇప్పుడు కాదని ఎలా అనగలను? నా స్తంభాల దగ్గరికి తిరిగొచ్చాను. దూరంగా బాబాయ్ నడుంమీద చేతులు పెట్టుకుని ఆ జనాన్నే చూస్తున్నాడు. ఆ ముఖం చూడలేకపోయాను. ఒక్కటంటే ఒక్కటి అడిగాడు ఆ మనిషి, అది కూడా తెచ్చి ఎదుటివాళ్ళ చేతిలో పెట్టాను.

చివరికొచ్చేసరికి కేల్గరీ కొద్దిగా ముందుంది. ఒక్క గోల్ పడితే మేం గెలుస్తాం. బంతి సరిగ్గా నా ముందు బాబాయ్ చేతుల్లో పడింది. కుంటుతూ నాలుగడుగులు వేసి తన్నాడు. బంతి వస్తోంది, గాలి దాన్ని కొంచెం పక్కకి తోస్తోంది, నేను మనసులో మొక్కని దేవుడు లేడు. అది వచ్చి స్తంభానికి తగిలింది, చాలా చిన్నగా. ఆ చప్పుడు నాకు తప్ప ఇంకెవరికీ వినపడలేదనుకుంటాను. బాబాయ్ నా వైపు చూశాడు. నేను ఒక్క వేలే చూపించాను, ఒక్క జెండానే ఊపాను. కళ్ళనీళ్ళతో సరిగ్గా ఊపానో లేదో తెలియదు. విజిల్ మోగింది. ఓడిపోయాం.

బాబాయ్ మోకాలు పట్టుకుని గడ్డిలో కూలబడ్డాడు. లేవబోయాడు, లేవలేకపోయాడు. పళ్ళాల మోత ఆగిపోయింది. తర్వాత పెద్దక్క గొంతు వినపడింది, "అయ్యో, బాబాయ్ ఓడిపోయాడే" అని, ఆ సంగతి ఆవిడకి అప్పుడే తెలిసినట్టు. గరిట లేచింది. పళ్ళాలు, డప్పు, ఈలలు, "బాబాయ్, బాబాయ్" అని వందల గొంతులు. కేల్గరీ వాళ్ళు కూడా ఆ మాట నేర్చేసుకుని అందుకున్నారు. మజ్జిగబ్బాయి ఆయన్ని చేతులు పట్టి లేపి నిలబెట్టాడు. నా ఉద్యోగం ముగిసింది కాబట్టి జెండాలు పారేసి, గొంతు పోయేదాకా నేనూ అరిచాను. బాబాయ్ ఒంటికాలి మీద నిలబడి, చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, అలా వింటూ ఉండిపోయాడు. నేను దగ్గరికి వెళ్ళేసరికి ముఖమంతా తడిసిపోయి ఉంది.

"మీవాళ్ళు మనిషి ఓడిపోతేగానీ అరవరా?" అన్నాడు.

"ముందే ఓడిపోయుంటే ముందే అరిచేవాళ్ళు బాబాయ్" అన్నాను.

మరుసటి ఏడు ఆల్బర్టా జట్లన్నీ తమ మ్యాచ్ సస్కటూన్‌లోనే పెట్టాలని పోట్లాడుకున్నాయి. ఇన్నేళ్ళకి దొరికిన సొంత గ్రౌండ్‌లో మా జట్టు ప్రతిసారీ కడుపునిండా తిన్న అతిథుల చేతుల్లో ఓడిపోతూనే వచ్చింది.

ఇప్పుడు నేను సస్కటూన్ వదిలి వచ్చి, మార్కమ్‌లో పెద్ద ఆఫీసులో కూర్చుని, ఏ ఆటలో ఎవరు గెలుస్తారో నాకూ తెలిసినట్టు లంచ్‌లో తల ఊపుతుంటాను. బాబాయ్ రిటైరై పెర్త్ తిరిగి వెళ్ళిపోయాడు. మొన్న ఫోన్ చేశాడు. గొంతులో కోపం, చాలా రోజుల తర్వాత. వాళ్ళ జట్టు సొంత గ్రౌండ్‌లో మెల్బోర్న్ జట్టుని చితక్కొడుతోందట. జీవితమంతా ఎదురుచూసిన దృశ్యం. తీరా చూస్తుంటే, ఆ మెల్బోర్న్ కుర్రాళ్ళు ఇప్పుడు విమానమెక్కి అంత దూరం వెళ్ళాలి కదా అనిపించిందట. "తెలియకుండానే చప్పట్లు కొట్టేశాను వాళ్ళకి. చుట్టూ ఉన్నవాళ్ళంతా నన్ను తినేసేలా చూశారు. నన్ను పాడుచేసేశారు మీరు" అన్నాడు.

"సారీ బాబాయ్" అన్నాను. నా మనసులో మాత్రం సారీ ఏ మూలా లేదు.